నూటపన్నెండో మెట్టు

చిట్టినగర్ సొరంగం మీద మా ఇల్లు.
కొండ కడుపులోంచి లారీలు పోతుంటాయి,
దాని వీపు మీద మేం బట్టలారేసుకుంటాం.

నూటపన్నెండో మెట్టుకి ఏదైనా మోసుకురావాల్సిందే:
గ్యాసు బండ, బియ్యం మూట, మోటారు చెడిన రోజు నీళ్లు,
తుంటి విరిగిన వీరరాఘవమ్మ గారిని ఓసారి
ప్లాస్టిక్ కుర్చీతో సహా.
తమంతట తాము దిగేవి రెండే,
వాననీళ్లూ, క్లిప్పు ఊడిన బట్టలూ.

మా దండెం ఒకప్పటి కేబుల్ వైరు.
పన్నెండేళ్లు ఇంటింటికీ అత్తాకోడళ్ల ఏడుపులు మోసి
డిష్షులొచ్చాక ఉద్యోగం పోయి వేలాడుతుంటే
కిటికీ ఊచకీ కరెంటు స్తంభానికీ లాగి కట్టాను.
స్తంభానికి కట్టకూడదమ్మా అంటాడు లైన్‌మన్.
అంటూనే చెమట తువ్వాలు కాసేపు దాని మీదే వేస్తాడు.

ఆరేయడానికో వరస ఉంది, అమ్మ నేర్పింది.
వీధి వైపు దుప్పటి,
దుప్పటి వెనక చీరలు, చీరల వెనక పిల్లాడి నిక్కర్లు,
అన్నిటికన్నా లోపల, తువ్వాలు కింద,
ఎండక్కూడా చూపించని నాలుగు గుడ్డలు.
అవి పూర్తిగా ఆరగా నేనెప్పుడూ చూళ్లేదు.
ఒట్టి వేడెక్కుతాయి.

బీసెంట్ రోడ్డు చీరల కొట్లో నా పని.
రోజుకి రెండొందలు విప్పుతాను, రెండొందలు మడతేస్తాను.
ఒక్కదానికీ నీళ్లంటే ఏంటో తెలీదు.
ఆ మడత నాది కాదు, కొట్టుది:
అంచు పైకి, కొంగు కనబడేలా, ధర చీటీ లోపలికి.

పై మెట్ల గౌసియా దండెం సరిగ్గా మా రేకుల మీదికి.
ఏడున్నరకల్లా టప్, టప్.
"మీ సబ్బునీళ్లకి మా ఇల్లే దొరికిందా?"
"నీళ్లకి నువ్వే చెప్పు, పైకి పొమ్మని."
ఆరేళ్లుగా మా మధ్య మాటలంటే ఇవే.
ఓసారి వాళ్లబ్బాయి చొక్కా మా గుమ్మంలో పడితే
తీసి గోడ మీద పెట్టాను,
చేతికివ్వలేదు.

రోహిణి కార్తె. మధ్యాన్నం మూడు దాటింది.
ఆకాశం ఇసక రంగుకి తిరిగింది.
షట్టరు సగం దించారు, కరెంటు పోయింది.
చీకట్లో అన్ని పట్టుచీరల మధ్య కూచుని
నేను లెక్కపెట్టుకుంది నా దండేన్ని:
దుప్పటి, రెండు చీరలు, నిక్కర్లు,
తువ్వాలు.
తువ్వాలెగిరిపోతే?

మెట్లెక్కుతుంటే
ఎవరివో అన్నీ ఎవరి దగ్గరో ఉన్నాయి.
ఒకాయన లుంగీ మునగచెట్టు కట్టుకుంది.
పిల్లలు మెట్టు మెట్టుకీ నిలబడి
"ఇదెవరిదీ, ఇదెవరిదీ" అని వేలం పాడుతున్నారు.
మా దండెం బోసిగా ఊగుతోంది.

గుమ్మంలో ఓ దొంతర.
ఎగరకుండా పైన పొత్రం.
అన్నీ మడిచున్నాయి. కొట్టు మడత కాదు,
నా మడతా కాదు,
మూడుగా మడిచి అరచేత్తో అదిమిన మడత.
తువ్వాలు మాత్రం లేదు.
దుప్పటి పొరల మధ్య, నేను దాచినట్టే దాచి,
ఆ నాలుగూ.
అప్పడాల్లా ఆరి.

పొత్రం మాది కాదు.
ఇంకా అల్లం వెల్లుల్లి వాసన దానికి.
గాలివానలో పద్దెనిమిది మెట్లు దిగింది
ఎవరి చంకలోనో.

రోజుకి రెండొందలు విప్పే చేతులు
ఆ దొంతరని మూడు రోజులు విప్పలేదు.
పిల్లాడు నిక్కరడిగితే చిరిగినదే తొడిగాను.

ఇవాళ పొద్దున్న మళ్లీ టప్, టప్.
బయటికొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని
గట్టిగా అందుకున్నాను.
తిట్టడం మానేస్తే ఏమనుకుంటుందో అని
పద్దెనిమిది మెట్లూ తిడుతూనే ఎక్కాను,
పొత్రం చంకన పెట్టుకుని.